పాటకి లెక్కల సిఫారసు అక్కర్లేదు

ఒంటారియోలో కొత్త సంవత్సరం వచ్చిందంటే కిండర్‌గార్టెన్ చేరికల హడావిడి మొదలైనట్టే. ఆ ఏడాదిలో నాలుగేళ్లు నిండే పిల్లలు సెప్టెంబరులో జేకేలో, అంటే జూనియర్ కిండర్‌గార్టెన్‌లో చేరతారు. డిసెంబరులో పుట్టినవాళ్లయితే అప్పటికింకా మూడేళ్లవాళ్లే. బ్రాంప్టన్‌లో అయినా, మిల్టన్‌లో అయినా, స్కార్‌బరోలో అయినా మన కుటుంబాలు బడి గురించి గట్టిగానే వాకబు చేస్తాయి. అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారు, అంకెలు ఎంతవరకు చెబుతారు, ఫ్రెంచ్ ఇమ్మర్షన్ ఉందా, బస్సు వస్తుందా, మధ్యాహ్నం డబ్బా ఎవరు తెరిచిపెడతారు అని అడుగుతారు. అన్నీ అడగాల్సినవే. వీటి మధ్య సాధారణంగా వినిపించని ప్రశ్న ఒకటుంది. ఈ బడిలో మా పిల్లలతో ఎవరు పాడతారు? వారానికి ఎంతసేపు పాడతారు? ఈ ప్రశ్నని బస్సు ప్రశ్న పక్కనే, అంతే గట్టిగా అడగాలని చెప్పడానికే ఈ ప్రసంగం. అయితే సంగీతం తరఫున ఇప్పటిదాకా ఎక్కువగా వినిపిస్తున్న వాదనతో నాకు పేచీ ఉంది. పాట నేర్పితే పిల్లల తెలివి పెరుగుతుంది, లెక్కలు బాగా వస్తాయి, కాబట్టి నేర్పాలి అనే ఆ వాదన సంగీతానికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది.

ఆ వాదన పుట్టుక చూడండి. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. కాలిఫోర్నియాలో 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విని, ఆ వెంటనే ఆకారాలకి సంబంధించిన పరీక్షలో కాస్త మెరుగ్గా రాశారు. ఆ మెరుగు పావుగంట కూడా నిలవలేదు. వాళ్లు చిన్నపిల్లలూ కారు, వాళ్లకి ఎవరూ సంగీతం నేర్పనూ లేదు. అయినా ఆ కబురు ఊరూరా తిరిగి మోజార్ట్ ఎఫెక్ట్ అనే పేరు తెచ్చుకుంది. 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక సీడీ ఇవ్వడానికి లక్షా ఐదు వేల డాలర్లు కావాలని శాసనసభని అడిగేదాకా పోయింది. మరుసటి ఏడాదే కెనడాలో క్రిస్టిన్ నాంటేస్, గ్లెన్ షెలెన్‌బర్గ్ అనే పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మరో రకంగా చేసి చూశారు. మోజార్ట్‌కి పోటీగా స్టీఫెన్ కింగ్ కథ వినిపించారు. కథ నచ్చినవాళ్లు కథ విన్నాక బాగా రాశారు, సంగీతం నచ్చినవాళ్లు సంగీతం విన్నాక బాగా రాశారు. అంటే మహిమ మోజార్ట్‌ది కాదు. మనసుకి నచ్చింది విని హుషారుగా ఉన్నవాళ్లు కాసేపు చురుగ్గా పనిచేస్తారు, అంతే.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు కదా అనవచ్చు. అదీ చూశారు. అప్పట్లో టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆ షెలెన్‌బర్గే 144 మంది ఆరేళ్ల పిల్లల్ని చీటీలు వేసినట్టు నాలుగు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి కీబోర్డు, ఒక వర్గానికి గాత్రం, మరొక వర్గానికి నాటకం ఏడాదిపాటు నేర్పించారు. నాలుగో వర్గానికి ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. ఫలితాలు 2004లో వచ్చాయి. బడిలో చేరిన ఏడాది కాబట్టి అందరి ఐక్యూ పెరిగింది. సంగీతం నేర్చినవాళ్లకి మిగతావాళ్లకన్నా సుమారు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది. తేడా ఉన్నమాట నిజమే, కానీ చిన్నది. పైగా నలుగురితో మెలిగే తీరులో మెరుగు కనిపించింది సంగీతం పిల్లల్లో కాదు, నాటకం పిల్లల్లో. ఆ తర్వాత 2020లో సాలా, గోబే అనే ఇద్దరు పరిశోధకులు సుమారు 7,000 మంది పిల్లల మీద జరిగిన 54 అధ్యయనాలని కలిపి లెక్కగట్టారు. సంగీతం నేర్చిన పిల్లల్ని ఏమీ నేర్వని పిల్లలతో కాకుండా, వేరే ఏదో ఒకటి శ్రద్ధగా నేర్చిన పిల్లలతో పోల్చినప్పుడు చదువులోనూ తెలివిలోనూ తేడా దాదాపు సున్నా. ఇది చూసి సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. నొచ్చుకోవాల్సింది ఇన్నాళ్లూ దాన్ని లెక్కల సిఫారసు ఉత్తరంతో బడి గుమ్మం ఎక్కించినందుకు. ఉత్తరం చెల్లదని తేలిన రోజున స్కూలు బోర్డు బడ్జెట్లో మొదటి కోత సంగీతానికే పడుతుంది. నేరుగా లెక్కలే చెబితే లెక్కలు ఇంకా బాగా వస్తాయి కదా అని ఎవరైనా అడిగితే, ఆ వాదన పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర జవాబు ఉండదు.

మరి బడిలో పాట ఉండాలనడానికి అసలు కారణం ఏమిటి? వయసు. చెవి తయారయ్యే వయసు. ఈ విషయంలోనూ గట్టి సాక్ష్యం టొరంటో నుంచే వచ్చింది. సాండ్రా ట్రెహబ్ అనే శాస్త్రవేత్త పసిపిల్లలు సంగీతాన్ని ఎలా వింటారన్నదాని మీదే జీవితమంతా పనిచేశారు. 2005లో ఆమె, ఎరిన్ హానన్ అనే మరో పరిశోధకురాలు కలిసి మాసిడోనియా జానపద సంగీతం తీసుకున్నారు. అందులో లయ రెండు, రెండు, మూడుగా నడుస్తుంది, అంటే మొత్తం ఏడు. మన మిశ్రచాపుకి దగ్గరి చుట్టం. ఆ నడకలో ఎక్కడైనా ఒక మాత్ర తప్పితే ఉత్తర అమెరికాలో పెరిగిన పెద్దవాళ్లు పట్టుకోలేకపోయారు. ఆరు నెలల పసివాళ్లు పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి ఆ పసివాళ్లూ పెద్దల దారిలోకే వచ్చేశారు. ఇంట్లో వినిపించే సమలయ ఒక్కటే చెవికి ఎక్కి, ఏడు నడక అయోమయంగా తోచింది. అయితే రెండు వారాల పాటు ఇంట్లో అలాంటి సంగీతం వినిపిస్తే ఏడాది పిల్లలకి ఆ శక్తి తిరిగివచ్చింది. అంతే సమయం విన్న పెద్దలకి రాలేదు. ఈ ఒక్క ఫలితం గురించి కర్ణాటక సంగీతం ఎరిగిన మనవాళ్లు కాస్త నిదానంగా ఆలోచించాలి. ఇక్కడ పుట్టిన పిల్లకి పన్నెండో ఏట మిశ్రచాపు కష్టమవుతోందంటే అది బుద్ధి లోపం కాదు. చిన్నప్పుడు చెవిన పడలేదు.

కిండర్‌గార్టెన్ వయసుకి వచ్చేసరికి ఈ తయారీ మరో మెట్టు మీద ఉంటుంది. ట్రెహబ్, లారెల్ ట్రెయినర్ 1994లో చూపించినదాని ప్రకారం, పాశ్చాత్య సంగీతం వింటూ పెరిగిన ఐదేళ్ల పిల్లలకి ఒక పాట ఏ స్వరాలలో నడుస్తోందో చెవికి తెలుస్తుంది. ఆ మేళంలో లేని స్వరం దొర్లితే అది పరాయిదని పసిగడతారు. స్వరాల వెనక హార్మనీ పోకడ తెలియడం ఏడేళ్లకి కనిపిస్తుంది. అంటే జేకే, ఎస్కే (సీనియర్ కిండర్‌గార్టెన్), ఒకటో తరగతి నడిచే ఆ రెండు మూడేళ్లలోనే, ఎవరూ నేర్పకపోయినా, చుట్టూ వినిపించేదాన్ని బట్టి పిల్ల చెవి తనకో ఇల్లు కట్టుకుంటుంది. సంగీత విద్యలో పేరున్న ఎడ్విన్ గోర్డన్ అయితే సంగీతాన్ని గ్రహించే సత్తా తొమ్మిదేళ్ల వరకే పరిసరాలని బట్టి పెరుగుతుందీ తరుగుతుందీ అనేవాడు. తొమ్మిది అన్న గీత దగ్గర వాదించేవాళ్లున్నారు. ముందు ఏళ్లు విలువైనవి అన్న దగ్గర మాత్రం పెద్దగా తగవు లేదు. మాతృభాష విషయంలో మనం ఇదే మాట అనుకుని, ఇంట్లో తెలుగే మాట్లాడదామని పట్టుబడతాం. చెవికి స్వరం పట్టించే విషయంలో మాత్రం తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అంటాం. వాయిద్యం మీద వేళ్లు ఏ వయసులోనైనా కొంత సాధించగలవు. పసితనంలో చెవి ఊరికే ఇచ్చేదాన్ని పెద్దయ్యాక ఎంత ఫీజు కట్టినా కొనలేం.

రెండో కారణం తోటివారితో కలిసి ఉండడానికి సంబంధించినది. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ట్రెయినర్ బృందం 2014లో ఒక ముచ్చటైన ప్రయోగం చేసింది. పద్నాలుగు నెలల పిల్లల్ని ఎత్తుకుని సంగీతానికి తగ్గట్టు ఊపారు. ఎదురుగా ఒకామె కూడా ఊగుతుంది, కొందరి విషయంలో అదే లయలో, కొందరి విషయంలో లయ కలవకుండా. తర్వాత ఆమె చేతిలోంచి వస్తువు జారిపోయినట్టు నటిస్తే, తమతో లయ కలిపిన మనిషికి తీసి ఇచ్చిన పిల్లలే ఎక్కువ. జర్మనీలో కిర్ష్‌నర్, తోమసెల్లో అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లల జంటలతో 2010లో ఇలాంటిదే చూపించారు. ఒకే ఆటని పాటతో, గెంతులతో ఆడినవాళ్లు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకున్నారు. షెలెన్‌బర్గ్ ప్రయోగంలో ఈ గుణం నాటకం పిల్లల్లోనే కనిపించిందన్నావు కదా, ఇక్కడ మాట మార్చావేం అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కలివిడితనం సంగీతం సొత్తు మాత్రమే అని నేననను. నాటకం ఇస్తుంది, ఆట ఇస్తుంది. కానీ ఒంటారియో కిండర్‌గార్టెన్ గదిని తలుచుకోండి. బోర్డు మొత్తానికి సగటున 26 మంది, మామూలుగా 29 వరకు పిల్లలు, ఒక టీచరు, పసిపిల్లల చదువులో శిక్షణ పొందిన ఒక ఈసీఈ. పిల్లల్లో ఇంట్లో పంజాబీ మాట్లాడేవాళ్లు, ఉర్దూ, అరబిక్, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్లు ఉంటారు. నాటకానికి మాట కావాలి, ఆటకి నియమం అర్థం కావాలి. సెప్టెంబరు మొదటి వారంలో ఇంగ్లీషు ముక్క రాని పిల్ల మిగతావాళ్లతో సమానంగా చేయగలిగిన పని ఏమిటి? మోకాళ్ల మీద దరువు వేయడం. అందరూ ఆపినప్పుడు ఆపడం. మాట రాకపోయినా రాగం కలపడం. ఆ గదిలో ఆ పిల్ల వెనకబడని పది నిమిషాలు అవే.

ఇది ఎలా నేర్పాలో కెనడాకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మొరావియాలో పుట్టి 1937లో ఈ దేశం వచ్చిన ఆర్నల్డ్ వాల్టర్, జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం రూపొందించిన పద్ధతిని చూసి, 1950లలో డోరీన్ హాల్ అనే ఉపాధ్యాయురాలిని దాన్ని నేర్చుకు రమ్మని పంపించాడు. ఆమె తిరిగి వచ్చి టొరంటోలో ఆ పద్ధతి నేర్పింది. ఓర్ఫ్ పాఠాల మొదటి ఇంగ్లీషు రూపం ఈ ఇద్దరి చేతి మీదుగానే వెలువడింది. 1962లో ఓర్ఫ్, ఆయనతో కలిసి పనిచేసిన గునిల్డ్ కీట్‌మన్ స్వయంగా టొరంటో వచ్చి టీచర్లకి చెప్పారు. ఆ పద్ధతిలోని ఒక చిన్న ఉపాయం దగ్గర మనం కాసేపు ఆగాలి. పిల్లల సైలోఫోన్ మీది చెక్క పలకలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. టీచరు ముందుగానే రెండు స్వరాల పలకలు తీసి పక్కన పెట్టేస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే మ, ని తీసేసి స, రి, గ, ప, ద ఉంచుతుంది. మిగిలింది మోహన. ఇప్పుడు నలుగురు పిల్లలు నాలుగు చోట్ల కర్రతో ఎక్కడ కొట్టినా ఒకదానికొకటి గీసుకోదు, అర మెట్టు తేడా స్వరాల రాపిడి లేదు. తప్పు వాయించే అవకాశమే లేని చోట నాలుగేళ్ల పిల్ల తన సొంత వరస తాను కట్టుకుంటుంది. సరళీ వరసలు మాయామాళవగౌళలో మొదలుపెట్టే మన సంప్రదాయం గొప్పదే. కూర్చుని సాధన చేయగల వయసుకి అది సరైనది. అంతకు ముందరి వయసుకి మన మోహన రాగమే మరో దారిన వచ్చి ఈ దేశపు బడిగదిలో కూర్చుని ఉంది. ఈ సంగతి తెలిస్తే, బడిలో వెస్టర్న్ నేర్పితే మన సంగీతం పాడవుతుందేమో అన్న భయం సగం తగ్గుతుంది.

డబ్బు లేదు, వాయిద్యాలు కొనలేం అనే బడికీ ఈ దేశంలోనే జవాబుంది. స్వరకర్త ముర్రే షేఫర్ 1967లో చెవులు శుభ్రం చేసుకోవడం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఒక పాఠం కోసం కావలసింది ఒక్క కాగితం. తరగతిలో మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆ కాగితాన్ని చప్పుడు కాకుండా చేతులు మార్చాలి. షేఫర్ దాన్ని పెద్ద విద్యార్థుల కోసం రాసినా కిండర్‌గార్టెన్‌లో అది ఇంకా బాగా పండుతుంది. కాగితం ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా ఎక్కడో గరగరమంటుంది. ఆ గరగరని గదిలో అందరూ వింటారు. నిశ్శబ్దంగా ఉండండి అని ఇరవైసార్లు అరిచినా రానిది, వినాలన్న కోరికతో దానంతటదే వస్తుంది. వినడం నేర్చిన తర్వాతే పాడడం. ఈ వరస మన గురువులకీ తెలిసినదే.

ఇక అభ్యంతరాలు. సమయం లేదన్నది మొదటిది. ఇక్కడ ప్రభుత్వం దేనికి సమయం కేటాయించిందో చూస్తే దేనికి విలువ ఇచ్చిందో తెలుస్తుంది. ఒంటారియోలో 2005 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకి 20 నిమిషాల వ్యాయామం తప్పనిసరి చేశారు. 2016లో రోజుకి గంటసేపు లెక్కలు అన్నారు. సంగీతానికి ఇన్ని నిమిషాలు అని గీసిన గీత లేదు. కిండర్‌గార్టెన్ పాఠ్యక్రమంలో సంగీతం ఉంది, పిల్లలు పాట ద్వారా, వాయిద్యం ద్వారా తమని వ్యక్తం చేసుకోవాలని అందులో రాసి ఉంది. కానీ చాలా బళ్లలో కిండర్‌గార్టెన్ పిల్లలు సంగీతం టీచరు మొహం చూసేది వాళ్ల టీచరుకి పాఠం తయారీకని ఇచ్చే విరామంలో. ఆ విరామం వారానికి 240 నిమిషాలు. ఆ వేళకి ఎవరో ఒకరు పిల్లల్ని చూసుకోవాలి. అది సంగీతం అవుతుందా, వ్యాయామం అవుతుందా, లైబ్రరీ అవుతుందా అన్నది టైంటేబుల్ తేలుస్తుంది. పిల్ల చెవి తయారయ్యే కాలం టైంటేబుల్లో మిగిలిన ఖాళీని బట్టి నడవడం నాకు అన్యాయంగా తోస్తుంది. నేను అడిగేది రోజుకి గంట కాదు. నాలుగేళ్ల పిల్లలకి ఒక గంట సంగీతం శిక్ష అవుతుంది కూడా. రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి, అదీ స్వరం పలికే మనిషి నోటి నుంచి కావాలి.

స్వరం పలికే మనిషి అని నొక్కి చెబుతున్నానంటే కారణం ఉంది. తెర మీద పాట పెట్టేస్తే సరిపోదా అనేది రెండో అభ్యంతరం. తెర మీది పాట పిల్ల తప్పిన చోట ఆగదు. ఆ పిల్ల గొంతుకి తగ్గట్టు శ్రుతి మార్చదు. ఈ దేశంలో పిల్లల పాటకి మారుపేరైన రాఫీ కావూకియన్ సంగతే చూడండి. కైరోలో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టి పదేళ్ల వయసులో టొరంటో వచ్చినవాడు. జానపద గాయకుడిగా తిరుగుతున్న రోజుల్లో అత్తగారు తన నర్సరీ బడిలో పిల్లలకి పాడమని పిలిచింది. భార్య కిండర్‌గార్టెన్ టీచరు. ఆ ఇద్దరి వల్ల, ఎదురుగా కూర్చున్న పిల్లల వల్ల అతను పిల్లల పాట నేర్చుకున్నాడు. ఆ తర్వాతే 1976లో అతని మొదటి పిల్లల రికార్డు వచ్చింది. రికార్డు బడికి వెళ్లింది, నిజమే. కానీ ఆ రికార్డు పుట్టింది బడిలోనే, పిల్లల మొహాలు చూస్తూ. మన రేడియోకీ ఆ చరిత్ర ఉంది. మద్రాసు ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమం నడిపినప్పుడు మైకు ముందు పెద్దలొక్కరే కూర్చోలేదు, పిల్లల్ని కూర్చోబెట్టారు. పిల్లల్ని పాడించాలి, వాళ్లకి పాడి వినిపించి ఊరుకోకూడదు అన్న తెలివి మనకి ఇవాళ్టిది కాదు.

మూడో అభ్యంతరం మన ఇళ్లలోనే గట్టిగా వినిపిస్తుంది. బడిలో లేకపోతేనేం, బయట చెప్పిస్తున్నాం కదా అని. ఒకరు పియానో చెప్పించి రాయల్ కన్సర్వేటరీ గ్రేడ్ల మెట్లు ఎక్కిస్తారు. ఇంకొకరు జూమ్‌లో హైదరాబాదు గురువు దగ్గర గీతాలు నేర్పిస్తారు. మంచిదే, మానమని అనను. కానీ అది ఫీజు కట్టగలిగినవాళ్ల మాట. రెండు షిఫ్టులు చేస్తూ అద్దె కట్టుకునే తల్లిదండ్రుల పిల్లకి బడిలో లేనిది ఎక్కడా లేదు. పైగా ఒక్కరే కూర్చుని నేర్చుకునే పాఠం వేరు, ఇరవైఆరు గొంతులు ఒక శ్రుతిలో కలవడం వేరు. రెండోది ఏ గురువూ ఇంట్లో ఒంటరిగా నేర్పలేడు. ఈ మాటకి అనుబంధంగా మనవాళ్లు తరచూ అనేది ఇంకొకటుంది. మావాడికి గొంతు లేదండీ అని, నాలుగేళ్లకే తీర్పు చెప్పేస్తారు. మాంట్రియాల్ విశ్వవిద్యాలయంలో ఇసబెల్ పెరెట్జ్ పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్ల మీద దశాబ్దాలుగా పనిచేశారు. 2017లో ఆమె బృందం పెద్ద సంఖ్యలో జనాన్ని పరీక్షించి వేసిన అంచనా ప్రకారం అలాంటివాళ్లు నూటికి ఒకటిన్నర. అంటే 26 మంది ఉన్న తరగతిలో ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. చాలామంది పిల్లలు అపశ్రుతి పలకడానికి కారణం పెద్దలు తమకి హాయిగా ఉండే కింది శ్రుతిలో పాడి, పిల్లల్ని అందులో కలవమనడం. పసిగొంతు పైన ఐదారు స్వరాల మేరలో తేలిగ్గా తిరుగుతుంది. శ్రుతి రెండు మెట్లు పెంచి చూడండి, గొంతు లేదనుకున్న పిల్లల్లో చాలామంది వచ్చి కలుస్తారు.

నాలుగోది సున్నితమైన విషయం. ఎవరి పాటలు నేర్పాలి? ఈ దేశంలో పాట అమాయకమైన సంగతి కాదు. పసిఫిక్ తీరపు ఆదివాసుల పాట్లాచ్ వేడుకని, దానితోపాటు అందులోని పాటల్ని, నృత్యాల్ని 1885 నుంచి 1951 వరకు కెనడా చట్టం నేరంగా చూసింది. రెసిడెన్షియల్ స్కూళ్లలో ఆదివాసీ పిల్లల చేత సొంత భాషే మాన్పించారు. ఆ చరిత్ర మోసే బడి, ఇప్పుడు ఏ పిల్ల పాటా గుమ్మం బయట ఉండిపోకుండా చూసుకోవాలి. అందుకు బడిలో ప్రతి భాషా తెలిసినవాళ్లు ఉండనక్కర్లేదు. చెమ్మచెక్కకి, ఒప్పులకుప్పకి దరువు టీచరుకి ఒకసారి చూపిస్తే చాలు, చేతులు కలపడం ఏ భాష పిల్లలకైనా వచ్చు. దేవుడి పాటలు బడిలో పెట్టవచ్చా అన్న తగవు వస్తుందేమోనని కొందరు మొత్తం పాటలే వద్దనుకుంటారు. ఆ భయం అనవసరం. మన పిల్లల ఆటపాటల్లో వానకి, చందమామకి, కొబ్బరికాయకి, కోతికి సంబంధించినవే కొల్లలుగా ఉన్నాయి. భక్తి ఇంట్లో, గుడిలో సాగుతుంది. బడికి ఆటపాటలు ఇద్దాం. అలాగని మన పాటొక్కటే వినిపించాలని పట్టుబట్టడమూ తప్పే. తెలుగు పిల్ల నోట పక్కింటి పంజాబీ పిల్ల పాట వినపడాలి, ఆ పిల్ల నోట మనది వినపడాలి. ఏడు నడక గాని, ఐదు నడక గాని చెవి తెరిచి ఉన్న వయసులో తలా కాస్త పంచితే అందరికీ మిగులుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకి నా విన్నపం ఇది. ఈసారి కిండర్‌గార్టెన్ చేరికకి వెళ్లినప్పుడు, సంగీతం ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని నిమిషాలు, ఆ మనిషికి సంగీతంలో శిక్షణ ఉందా అని ప్రిన్సిపాల్‌ని అడగండి. జవాబు నచ్చకపోతే స్కూల్ కౌన్సిల్ సమావేశానికి వెళ్లండి. ఒంటారియోలో ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడికీ ఆ కౌన్సిల్ ఉంటుంది, అందులో తల్లిదండ్రులకి నోరుంది. సాధారణంగా అక్కడ పిజ్జా డబ్బుల గురించీ ఆటస్థలం గురించీ మాట్లాడతారు. సంగీతం గురించి అడిగే గొంతు ఒక్కటున్నా ఎజెండాలోకి వస్తుంది. పాతిక మంది పిల్లల తల్లిదండ్రులు కలిసి అడిగితే మాతృభాష తరగతి పెట్టాల్సిన బాధ్యత స్కూలు బోర్డుకి ఉంది. ఆ తెలుగు తరగతిలో అక్షరాలతో పాటు ఆటపాటలూ ఉండాలని కూడా అప్పుడే చెప్పండి. లెక్కలు వస్తాయని చెప్పి ఒప్పించకండి. మా పిల్లలు పాడాలి, అందరితో కలిసి పాడాలి, అందుకు ఇదే వయసు అని చెప్పండి.